రెండు వందల పన్నెండో ఆధారం

పదకొండు గంటలకు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, మూడు వందల నలభై పేజీల నిండా. ఫలానా మాట ఏ పుస్తకం నుంచి తీసుకున్నామో చెప్పాల్సిన ప్రతిచోటా, ఉండాల్సిన అంకె లేదు. దాని బదులు చదరపు బ్రాకెట్ల మధ్య నల్లగా, లావుగా ఒక ప్రశ్నార్థకం కూర్చుని ఉంది. చివర్లో పధ్నాలుగు పేజీల ఆధార గ్రంథాల పట్టిక ఉండాల్సిన చోట ఖాళీ కాగితం. నిన్న సాయంత్రం వరకు అంతా సవ్యంగానే ఉంది. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఈ ఫైలును యూనివర్సిటీ వాళ్ల సైటులోకి ఎక్కించాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి అడగడానికి మొహం చెల్లదని మా ఆవిడే అంది. ఆవిడ పక్కగదిలో ఉంది. మూడు రోజుల కిందట కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కర్టెన్లు వేసుకుని వెల్లకిలా పడుకుంది. వారం దాకా తెర వంక చూడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అరవై మూడో ఏట సిద్ధాంత గ్రంథం పూర్తిచేసిన మనిషి, దాన్ని పంపించే రోజున చూడలేదు, వినగలదంతే.

"అయిందా?" అని అక్కణ్నుంచే అడిగింది.

"అవుతోంది" అన్నాను.

ఈ "అవుతోంది" నా ఉద్యోగం నేర్పిన మాట. ముప్పై నాలుగేళ్లు వంతెనలు తనిఖీ చేశాను. వంతెన మూసేసి కింద నిచ్చెన మీద నిలబడి సుత్తితో తట్టి చూస్తుంటే, రెండు ఒడ్డుల మీదా ఆగిపోయిన జనం పైనుంచి అడిగేది ఆ ఒక్క ప్రశ్నే, మేం చెప్పేదీ ఆ ఒక్క జవాబే. తెలిసినా తెలియకపోయినా గొంతులో కంగారు వినపడకూడదు. అక్కడ ఇంకోటి కూడా నేర్చుకున్నాను, పగులు కనిపించిన చోట పగులుకు కారణం ఉండదు. నడుమ దూలం మీద గీత పడిందంటే ఎక్కడో చివర బేరింగు కింద మట్టి పేరుకుని, ఎండకు సాగాల్సిన ఇనుము సాగలేక బిగుసుకుపోయి ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. తప్పు ఒకచోట జరుగుతుంది, అరుపు ఇంకోచోట వినిపిస్తుంది. ఇది నాకు నేర్పింది మా అమ్మాయి. లెక్కల టీచరు, పన్నెండు దాకా క్లాసులో ఉంటుంది, ఫోను తీయదు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "నాన్నా, ఎర్రగా వచ్చిందల్లా చదివి హడలిపోకు. మొట్టమొదటి తప్పు ఒక్కటి చదువు. మిగతావన్నీ దాని పిల్లలే" అంది. చిన్నప్పుడు దానికి భిన్నాలు నేర్పింది నేనే, పళ్లెంలో రొట్టె ముక్కలు చేసి. ఆ రోజు అదే ఓపికతో నాకు కామాలూ బ్రాకెట్లూ నేర్పింది. ఈ సాఫ్ట్‌వేర్‌లో వ్యాసం ఒక ఫైలు, ఆధారాలన్నీ ఇంకో ఫైలు. వ్యాసంలో ఆధారం రావాల్సిన చోట దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు రాస్తే చాలు, అదే వెళ్లి రెండో ఫైల్లో ఆ పేరు గల పుస్తకాన్ని వెతికి పట్టుకుని, వరస అంకె వేసి, చివర పట్టికలో కూర్చోబెడుతుంది. పేరు దొరక్కపోతే ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. అబద్ధం చెప్పదు. ఆ గుణం నాకు మొదటి రోజే నచ్చింది, మొదటి రోజే కాస్త భయమూ వేసింది.

తప్పుల చిట్టా తెరిచాను. ఆరు వందల వరసలు. ఇది కనపడలేదు, అది కనపడలేదు అంటూ ఒకటే సొద, పెళ్లింట్లో పోయిన సామాను జాబితాలా. అన్నీ దాటుకుంటూ వెనక్కి వెళ్లాను, మొట్టమొదటిది దొరికేదాకా. ఈ రెండు వందల పదకొండు ఆధారాలూ నేనే టైపు చేశాను, ఒక్కొక్కటీ. ఆవిడ చదివేది, నేను కొట్టేవాణ్ని. రచయిత, పుస్తకం పేరు, అచ్చువేసినవాళ్లు, ఏడాది, పేజీ. ఊరూరా వీధిదీపాలు వెలిగించిన మనుషుల గురించి ఆవిడ పరిశోధన. కరెంటు రాకముందు, సాయంత్రం కాగానే భుజాన నిచ్చెన, చేతిలో నూనెడబ్బా పట్టుకుని స్తంభం స్తంభానికీ ఎక్కి దిగిన వాళ్లు. వాళ్ల గురించి ఎవరు రాస్తారు? పురపాలక సంఘం రిజిస్టర్లలో జరిమానాల కాలమ్‌లో తప్ప వాళ్ల పేర్లు ఇంకెక్కడా కనపడవు. టైపు చేస్తూ చేస్తూ నాకూ వాళ్లతో పరిచయం అయిపోయింది. మార్కెట్‌కు వెళ్లినా స్తంభాల మధ్య దూరం అడుగులతో కొలుస్తుంటే ఆవిడ, "మీకు పట్టుకుంది, ఇక వదలదు" అని నవ్వింది. రిటైరయ్యాక మనిషికి ఒక వ్యాపకం ఉండాలని మా మరదలు నన్ను మెచ్చుకుంది. "మా బావగారిలా పెళ్లానికి గుమాస్తాగిరీ చేసే మగవాణ్ని నేనెక్కడా చూడలేదు" అని నలుగురిలో అంది. ఎందుకు చేస్తున్నానో ఆ నలుగురికీ చెప్పే విషయం కాదు.

దొరికింది. ఆధారాల ఫైల్లో వెయ్యిన్నూట నలభై ఆరో వరస. నిన్న సాయంత్రం చివరగా, మిగతావాటి నడుమ చేర్చిన పుస్తకం. పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్ తెరిచాను, మూయలేదు. అంతే. తెరిచిన బ్రాకెట్ కనక అది ఇంకా పుస్తకం పేరే చదువుతున్నానని అనుకుంటూ ఏడాదినీ, ఊరినీ, ఆ తర్వాతి పుస్తకాలనూ అన్నిటినీ ఆ పేరులోకే మింగేసి, చివరికి ఊపిరాడక మొత్తం పట్టికనే వద్దని పడేసింది. ఒక్క గుర్తు. వేలితో నొక్కాను. ఇప్పుడు ఒకసారి వ్యాసాన్ని నడపాలి, తర్వాత ఆధారాల ప్రోగ్రామును నడపాలి, తర్వాత వ్యాసాన్ని మళ్లీ రెండుసార్లు. మొదటిసారి ఏమేం కావాలో రాసుకుంటుంది, రెండోసారి వెతుకుతుంది, మూడోసారి తెచ్చి పెడుతుంది, నాలుగోసారి సర్దుకుంటుంది. ఇదేం చాదస్తం, ఒక్కసారే చేయొచ్చుగా అని నేనంటే మా అమ్మాయి, "ఒక్కసారి చెప్తే నువ్వు వింటావా నాన్నా?" అంది.

పాత కంప్యూటరు, ఒక్కో విడతకు నిమిషం పైనే పడుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తున్నాయి, గాలికి ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. పక్కగదిలో ఆవిడ సన్నగా దగ్గింది. దగ్గకూడదు, కంటికి ఒత్తిడి. మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను, తడుముకుని గ్లాసు పట్టుకుంది, ఏమీ అడగలేదు. పెళ్లయిన కొత్తలో కూడా ఇంతే, పనిలో ఉన్న మనిషిని కదిలించేది కాదు, తనను కదిలించవద్దని అడక్కుండానే చెప్పినట్టు. అప్పటికే పరిశోధన రెండో ఏడు. మొదటి ఇంట్లో భోజనాల బల్ల సగం నాది, సగం ఆవిడ కార్డులది. పోస్టుకార్డంత అట్టముక్కలు, ఆకుపచ్చ సిరా, కుడిపక్క పైమూల పుస్తకం పేరు, పేజీ అంకె. బిస్కెట్ డబ్బాల్లో నిలువుగా పేర్చేది. ఒక డబ్బా రెండయింది, రెండు నాలుగయ్యాయి. నాకు మూడేళ్లకోసారి బదిలీ, ఎక్కడ నది ఉంటే అక్కడికి. ప్రతి ఇంట్లోనూ ముందు ఆ డబ్బాలకు చోటు చూసి తర్వాత పొయ్యికి చూసేది.

ఫైలు తెరుచుకుంది. ప్రశ్నార్థకాలు లేవు. ఒక్కో పేజీ దించుకుంటూ పోయాను. అంకెలు వరసగా, బుద్ధిగా కూర్చున్నాయి. పదకొండూ ఇరవై రెండు. హమ్మయ్య అనుకుంటూనే వంతెనల మనిషిని కదా, చివరి స్తంభం దాకా తట్టి చూడనిదే సంతకం పెట్టే అలవాటు లేదు. చిట్టా మళ్లీ తెరిచాను. ఒక్క హెచ్చరిక మిగిలింది. నూట ఎనభై ఏడో పేజీ, మూడో అధ్యాయం. నిన్న నూట ఎనభై ఏడు నేను చూడలేదా? చూసే ఉంటాను, రెండు వందల పదకొండు సరిగ్గా ఉన్నప్పుడు ఒకటి కంటికి ఆనదు. ఆ పేజీలో ఒక వాక్యం చివర ఒంటరిగా ఒక ప్రశ్నార్థకం. అక్కడ ఆధారానికి పెట్టిన ముద్దుపేరు ఏమిటో చూద్దామని వ్యాసం ఫైల్లోకి వెళ్లాను. ఇంగ్లీషు అక్షరాల్లో "డబ్బా" అని ఉంది, పక్కన నాలుగు అంకె. అది నేను పెట్టిన పేరు కాదు. ఆపరేషన్‌కు ముందు ఆవిడ తనే కూర్చుని దిద్దుకున్న అధ్యాయం అది. ఆ పేరుతో రెండో ఫైల్లో ఏ పుస్తకమూ లేదు. నేను వెతికాను కూడా, తెలిసీ.

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఒక ఊరి రిజిస్టరులో ఒక దీపాలవాడికి ఒకే వీధిలో ఒకే స్తంభం పదకొండు రోజులు వెలిగించనందుకు జరిమానా పడింది, నిర్లక్ష్యం అని రాశారు. ఆ మనిషి కూతురు పెద్దయ్యాక "మా నాన్న నిచ్చెన" అని ఒక చిన్న పుస్తకం వేసుకుంది. అందులో రాసింది, ఆ స్తంభం ఎదురుగా ఉన్న ఇంట్లో ఒక జబ్బుమనిషి ఉంది, వెలుతురు కిటికీలోంచి పడి నిద్రపట్టడం లేదని ఆమె అడిగితే నాన్న వెలిగించడం మానేశాడు, ఆమె పోయిన మర్నాడు మళ్లీ వెలిగించాడు. రిజిస్టరు చెప్పేదొకటి, జరిగింది ఇంకొకటి. మూడో అధ్యాయం మొత్తం ఆ వాక్యం మీద నిలబడింది. ఆ పుస్తకం ప్రతి కోసం రెండేళ్ల కిందట ఇద్దరం వెళ్లాం. అప్పట్లో ఆవిడ చదివిన గ్రంథాలయం ఉన్న భవనంలో ఇప్పుడు మందుల గిడ్డంగి ఉంది. ఇంకో మూడు గ్రంథాలయాలకు రాశాం. లేదు, లేదు, మా దగ్గర ఎప్పుడూ లేదు. మిగిలింది ఆవిడ అప్పట్లో రాసుకున్న కార్డు ఒక్కటే. అది నాలుగో డబ్బాలో ఉండేది.

ఇరవై ఎనిమిదేళ్లయింది. మూడో బదిలీ. అమ్మాయికి పది నెలలు, ప్రయాణం పడదని ఆవిడ పిల్లను తీసుకుని రెండు రోజుల ముందే కొత్త ఊరి దగ్గర్లో ఉన్న వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. సామాను నేను సర్దాలి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "డబ్బాలు జాగ్రత్తండీ" అంది. పిల్ల పాలసీసా గురించి కూడా అంత గట్టిగా చెప్పలేదు. ఆ వారమే ఆవిడ గైడు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, రెండు నెలలు వచ్చి యూనివర్సిటీలోని రికార్డులు చూసుకుంటే వ్యాసం పూర్తవుతుందని. ఏమంటారు అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఆ రెండు మాటల్ని ఎలా అనాలో మగవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. లారీ వచ్చింది, మంచాలు ఎక్కాయి, బీరువా ఎక్కింది, చివరికి ఒక మడతకుర్చీ, నాలుగు బిస్కెట్ డబ్బాలు మిగిలాయి. చోటుంది. ఇన్నేళ్లూ నాకు నేను చోటు లేదని చెప్పుకున్న రోజులున్నాయి, కానీ చోటుంది, ఆ చోటు నా కళ్లముందు ఇప్పటికీ ఉంది, బీరువాకూ చాపల చుట్టకూ మధ్య. మడతకుర్చీ ఎక్కించాను. డబ్బాలు తీసుకెళ్లి మెట్ల కింద పాత పేపర్ల పక్కన, చెత్తబండి వచ్చి తీసుకెళ్లే మూల పెట్టాను. ఒకదాని మీద ఒకటి, నీటుగా. కోపంతో కాదు, అలసటతో అనుకునేవాణ్ని. కోపమే. చప్పుడు లేని కోపం.

తాడు తెగింది, దారిలో ఏవో పడిపోయాయట అని చెప్పాను. అరవలేదు. ఏ దారిన వచ్చింది, ఎక్కడెక్కడ ఆగింది అని అడిగి, దారిలో ఉన్న రెండు ఊళ్ల పోలీస్ స్టేషన్లకు రెండు పోస్టుకార్డులు రాసింది, దొరికితే దయచేసి తెలపమని. పోస్టు చేయమని నాకే ఇచ్చింది. చేశాను. పోస్టు డబ్బాలో వేసి, పడిన చప్పుడు కూడా విన్నాను. నెల రోజులు పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడింది, పిల్లను చంకనేసుకుని. తర్వాత నిలబడటం మానేసింది. ఆ తర్వాత ఎప్పుడో బళ్లో ఉద్యోగం, పిల్ల చదువు, మా అమ్మ మంచాన పడటం, ఏళ్లు వాటంతటవే వెళ్లాయి. ఐదేళ్ల కిందట ఆవిడ రిటైరైన మర్నాడు, "మళ్లీ మొదలుపెడతానండీ, మొదట్నుంచీ" అంది. అప్పుడే అనుకున్నాను, టైపు నేను చేస్తానని.

పదకొండూ ముప్పై ఒకటి. చేతులు వాటంతట అవే కదిలాయి. ఆధారాల ఫైలు చివర కొత్త పుస్తకం చేర్చాను. ముద్దుపేరు అదే. రచయిత్రి పేరు, పుస్తకం పేరు, ఏడాది ఆవిడ నోట ఎన్నోసార్లు విన్నవే. పేజీ దగ్గర ఆగాను. నలభై ఏడు అని కొట్టాను. ఎందుకు నలభై ఏడో తెలియదు, నమ్మేటట్టు ఉంది. ఎవరు చూడొచ్చారు, ఆ పుస్తకం భూమ్మీద ఎక్కడా లేదు. మళ్లీ నడిపాను. కొంచెంసేపు తిరిగి తిరిగి ఫైలు తెరుచుకుంది. నూట ఎనభై ఏడో పేజీలో ప్రశ్నార్థకం లేదు, శుభ్రంగా అంకె ఉంది. చిట్టాలో ఒక్క హెచ్చరికా లేదు. అబద్ధం చెప్పదనుకున్నాను, దానికేం తెలుసు, మనం ఏదిస్తే అది వేస్తుంది. ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను. నిర్లక్ష్యం అని రాసినచోట దయ ఉందని ఆవిడ కనిపెట్టింది. ఇక్కడ ప్రమాదం అని రాసిపెట్టి ఉన్నచోట ఏముందో నాకొక్కడికే తెలుసు. దాని మీద ఇప్పుడు నలభై ఏడో పేజీ.

ఆ అంకె చెరిపేసి లేచాను.

"అయిందా?" అంది, నా అడుగులు విని.

"ఒక్కటి మిగిలింది. డబ్బా నాలుగు అని పెట్టావు."

"అయ్యో, అది తర్వాత చూద్దామని పెట్టుకున్నానండీ, ఆస్పత్రి హడావుడిలో మర్చేపోయాను. పేజీ ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? ఆ లారీ అతను తాడు సరిగ్గా కట్టుంటే..."

"తాడు తెగలేదు" అన్నాను.

మంచం పక్కన కుర్చీ ఉంది, కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది. "లారీ ఎక్కించలేదు. చోటుంది, అయినా ఎక్కించలేదు. చెత్తబండి వచ్చే మూల పెట్టి వచ్చేశాను."

నల్లకళ్లద్దాలు పైకప్పు వంకే ఉన్నాయి. దుప్పటి మీద చెయ్యి మాత్రం ఒకసారి ముడుచుకుని విచ్చుకుంది. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

"ఏడవకూడదంది డాక్టరమ్మ" అంది. "కుట్లకు మంచిది కాదట."

"ఊఁ."

"ఇరవై ఎనిమిదేళ్లు ఆ లారీ అతన్ని తిట్టుకున్నానండీ. మొహం కూడా తెలీదు, పాపం. పోస్టుకార్డులు వేశారా అసలు?"

"వేశాను. నిజంగానే వేశాను."

"అయితే ఆ పోలీసులు వెతికే ఉంటారు" అంది. "ఎందుకు చేశారు?"

"నువ్వు ఆ పని మానేస్తే బాగుండుననిపించింది, ఆ రోజు."

"మానేశాను కదా."

"మానేశావు."

స్కూటర్ అందుకుని వెళ్లిపోయింది. నేనింకా నిలబడే ఉన్నాను.

"టైమెంతయింది?"

"పావు తక్కువ."

"కాగితం తెచ్చుకోండి, చెప్తాను" అంది. గొంతు పాఠం చెప్పే గొంతు అయింది. "ఆ పేజీ కింద చిన్న అక్షరాల్లో రావాలి. ఈ సంగతి ఫలానా పుస్తకంలో చదివి నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సు ఇప్పుడు లేదు. పుస్తకం ప్రతి వెతికినా దొరకలేదు. పేజీ సంఖ్య ఇవ్వలేను. జ్ఞాపకం మీద రాస్తున్నాను. అంతే."

"పరీక్షకులు ఒప్పుకోకపోతే?"

"మౌఖిక పరీక్షలో అడుగుతారు, చెప్తాను. లేనిదాన్ని లేదనే చెప్పాలి."

"నేను నలభై ఏడో పేజీ అని వేసి చూశాను" అన్నాను. చెప్పకుండా ఉండొచ్చు అది, కానీ ఇక ఆగలేదు. "ప్రశ్నార్థకం పోయింది. మళ్లీ తీసేశాను."

ఆవిడ తల ఇటు తిప్పింది, మెల్లగా, డాక్టరమ్మ చెప్పినట్టే. "నలభై ఏడు కాదు. అంత లోపల లేదు. మొదట్లోనే ఎక్కడో, ఎడమపక్క పేజీలో" అంది. "వెళ్లండి, గడువు దాటిపోతుంది."

కింది గమనిక టైపు చేశాను. పేజీ గడి తీసేసి పుస్తకాన్ని మాత్రం పట్టికలో ఉంచాను. పదకొండూ యాభై ఒకటికి ఫైలు తెరుచుకుంది, హెచ్చరికలు లేవు, రెండు వందల పన్నెండు ఆధారాలు, ఒకదానికి పేజీ లేదు, ఎందుకు లేదో కింద ఉంది. సైటులో ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నీలిరంగు గీత పాకుతూ పాకుతూ చివరికి వెళ్లి, అందింది అని, ఒక నంబరూ ఇచ్చింది. ఆ నంబరు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను, ఆవిడ చూడకూడదని మర్చిపోయి. చీటీని వేళ్లతో తడిమి దిండు కింద పెట్టుకుంది.

"వెళ్లిందా?"

"వెళ్లింది."

ఇక వెళ్లమంటుందనుకున్నాను. తలుపు వేసి వెళ్లమంటే వేసి వెళ్లేవాణ్ని, భోజనం వద్దంటే సరేననేవాణ్ని. ఎన్ని రోజులన్నా. కొన్ని రోజులు పడుతుందని నాకు తెలుసు, వారమో, నెలో, అసలు పోదో. ఆవిడ దుప్పటి మడత సరిచేసుకుంది.

"కార్డులు ఎన్నో తెలుసా మీకు?"

"తెలీదు."

"తొమ్మిది వందల పైచిలుకు. ఒక్కటైనా చదివారా?"

"లేదు."

"కూర్చోండి."

కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాను. కాగితం కోసం జేబు తడుముకుంటుంటే ఆ చప్పుడు పోల్చుకుని, "రాయొద్దు, వినండి" అంది. పైకప్పు వంక తిరిగింది. "మొదటి డబ్బా, మొదటి కార్డు. ఒక ఊళ్లో మొట్టమొదటి వీధిదీపం వెలిగించిన సాయంత్రం. జనం దీపాన్ని చూడటానికి వచ్చారు. కాసేపయ్యాక దీపాన్ని వదిలేసి ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారట, ఆ వేళప్పుడు ఇంటి బయట ఎప్పుడూ చూసుకోలేదు కనక."

హాల్లో ఫోను మోగింది. అమ్మాయి క్లాసు అయిపోయినట్టుంది. లేవబోయాను.

"మోగనివ్వండి" అంది ఆవిడ. "రెండో కార్డు."